ఇంటి వెనక చరిత్ర

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఇంట్లోంచి రోజూ బయటికి పోయేది ఎక్కడికి పోతోందో, దాన్ని ఎవరు మోస్తున్నారో చూడమని మాత్రం ఎవరూ అనలేదు. చూడనక్కర్లేని ఏర్పాటు మనకి తరతరాలుగా ఉంది కనక ఆ మాట పుట్టి ఉండదు.

ఆస్ట్రేలియా వచ్చిన తెలుగువాళ్ళకి ఆ చూపు తప్పదు. వచ్చిన మొదటి నెలలోనే తెలిసిపోతుంది, ఇక్కడ పనిమనిషి అనే మాటే లేదని. వారానికో రెండు గంటలు వచ్చే క్లీనర్ ఉంటుంది. ఆవిడ కారులో వస్తుంది, గంటకింత అని తీసుకుంటుంది, మనల్ని పేరు పెట్టి పిలుస్తుంది. రెండో పాఠం కొంచెం ఆలస్యంగా వస్తుంది. సిడ్నీలో కెంటర్స్ట్, డ్యూరల్ వైపు ఎకరాల స్థలంలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళకీ, దూరపు చిన్న ఊళ్ళలో ఆసుపత్రుల్లో ఉద్యోగానికి వెళ్ళిన మన డాక్టర్లకీ, ఇంటితో పాటు ఒక సెప్టిక్ ట్యాంకు కూడా వస్తుంది. అప్పుడు ఆ ఇంటి యజమానే ఒక చిన్న మునిసిపాలిటీ అన్నమాట.

ఇంటిపని చేసే మనిషి, ఇంటి మురికి పోయే దారి – ఈ రెండూ వేరువేరు సంగతుల్లా కనిపిస్తాయి గానీ, రెండిటి చరిత్రా ఒకటే. ఈ దేశంలో అది ఎలా నడిచిందో చెప్పుకుంటే, మనం వదిలి వచ్చిన చోట అది ఎలా నడవలేదో కూడా తెలుస్తుంది.

సేవకులతో మొదలైన దేశం

నౌకర్లు లేని దేశం అని మనం అనుకునే ఈ ఆస్ట్రేలియా, నిజానికి నౌకర్లతోనే మొదలైంది. 1788లో సిడ్నీ రేవులో దిగిన తెల్లవాళ్ళలో ఎక్కువమంది శిక్షపడిన ఖైదీలు. వాళ్ళని దొరల ఇళ్ళకీ పొలాలకీ కూలి లేని పనివాళ్ళుగా కేటాయించేవారు. తిండీ బట్టా ఇస్తే చాలు. న్యూ సౌత్ వేల్స్‌కి ఖైదీల ఓడలు 1840లో ఆగిపోయాయి. తరవాత ఐర్లండు కరువులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న ఆడపిల్లల్ని 1848–50 మధ్య నాలుగువేల మందికి పైగా ఓడలెక్కించి తీసుకొచ్చారు. వాళ్ళలో చాలామంది దిగిన రేవు నుంచి నేరుగా ఎవరో ఒకరి వంటింటికే వెళ్ళారు.

ఇంకో అధ్యాయం ఇంతకంటే చేదుగా ఉంటుంది. ఈ నేల అసలు వారసులైన ఆదివాసుల పిల్లల్ని తల్లుల దగ్గరనుంచి తెచ్చి, ఆడపిల్లలకి ఇంటిపని నేర్పి, తెల్లవాళ్ళ ఇళ్ళకి పంపడానికి ప్రభుత్వమే శిక్షణాలయాలు నడిపింది. న్యూ సౌత్ వేల్స్‌లోని కూటమండ్రా గృహం అలాంటిదే. అది 1910లలో మొదలై 1960ల చివరిదాకా నడిచింది. ఆ పిల్లల జీతాల్లో పెద్దభాగం ప్రభుత్వ ఖాతాల్లో జమ అయింది గానీ, చాలామంది చేతికి ఎప్పటికీ అందలేదు. “దోచుకున్న జీతాలు” అని ఇక్కడి చరిత్రకారులు పిలిచేది దాన్నే. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో చెప్పిన క్షమాపణలో ఆ బలవంతపు వేర్పాట్ల కథంతా ఉంది. మనం ఈ దేశాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ పేజీ తిప్పేసి చదవకూడదు.

మరి పని మనిషి చేతికి విలువ ఎలా వచ్చింది? ఎవరో దయతలచి ఇవ్వలేదు. 1856లో మెల్బోర్న్ రాతిపనివాళ్ళు సుత్తులు కింద పెట్టేసి, ఊరేగింపుగా వెళ్ళి, రోజుకి ఎనిమిది గంటల పని సాధించుకున్నారు. 1907లో హార్వెస్టర్ అనే వ్యవసాయ యంత్రాల కర్మాగారం కేసులో జస్టిస్ హిగ్గిన్స్ ఒక తీర్పు చెప్పాడు. పెద్దగా నైపుణ్యం లేని కూలీకి కూడా, భార్యాపిల్లలతో మర్యాదగా బతకడానికి సరిపోయేంత ఇవ్వాల్సిందేనన్నాడు. రోజుకి ఏడు షిల్లింగులని లెక్క కట్టాడు. యజమాని ఎంత ఇవ్వగలడు అన్నది కాదు, మనిషి ఎంతతో బతకగలడు అన్నది కొలత అయింది. ఆ తీర్పు మగవాళ్ళకే. ఆడవాళ్ళ కూలి ఆ తరవాత ఎన్నో దశాబ్దాలు తక్కువగానే ఉండిపోయింది. అయినా ఆ కొలత ఒకసారి నాటుకున్నాక, ఇంటికో నౌకరు అనేది మధ్యతరగతికి అందని సరుకైంది. ప్లంబర్ బిల్లు చూసి మనం గుండె పట్టుకుంటామే, దాని వెనక ఇంత కథ ఉంది.

డన్నీ సందులు

ఇక మురికి సంగతి. సిడ్నీ మొదటి కాలనీ తాగినది ట్యాంక్ స్ట్రీమ్ అనే చిన్న వాగు నీళ్ళు. పందుల దొడ్లు, ఇళ్ళ మురుగు, చర్మాల పని అన్నీ దాని ఒడ్డునే పెట్టుకున్నారు. నలభై ఏళ్ళు తిరక్కుండానే, 1826లో, ఆ నీళ్ళు తాగడం మానేయాల్సి వచ్చింది. తరవాత అదే వాగు మురుగుకాలవ అయింది. ఇప్పటికీ నగరం నడిబొడ్డున, ఆకాశహర్మ్యాల కింద, గొట్టంలో పారుతూనే ఉంది.

మెల్బోర్న్‌ది ఇంకా పెద్ద కథ. 1850ల బంగారం వేటతో ఊరు పొంగిపోయింది. 1891 నాటికి జనాభా దాదాపు 5 లక్షలు. 1885లో వచ్చిన ఒక ఇంగ్లీషు పాత్రికేయుడు ఆ భవనాలూ వైభవం చూసి “మార్వెలస్ మెల్బోర్న్” అని పేరు పెట్టాడు. పత్రికలవాళ్ళు దాన్ని వెంటనే “స్మెల్బోర్న్” చేసేశారు. వంటింటి నీళ్ళు, స్నానాల నీళ్ళు వీధి పక్క రాతి కాలవల్లో పారి యారా నదిలో కలిసేవి. మరుగుదొడ్డి పెరడు చివర చిన్న గది. దానికి ఇక్కడివాళ్ళ పేరు డన్నీ. కింద గొయ్యో, తరవాతి రోజుల్లో డబ్బానో. రాత్రిపూట ‘నైట్‌మన్’ గుర్రపు బండితో వెనకసందులోకి వచ్చి, పెరటిగోడకున్న చిన్న తలుపు తీసి, డబ్బా భుజానికెత్తుకుని, ఖాళీది పెట్టి వెళ్ళేవాడు. మన ఊళ్ళలో పాకీదొడ్డికి వెనకవైపున్న రేకు తలుపు గుర్తున్న పాఠకులకి నేను ఇంకేమీ వర్ణించక్కర్లేదు.

అయితే ఒక్క తేడా గమనించాలి. నైట్‌మన్‌ని జనం ఎగతాళి చేశారు, అతని మీద జోకులు వేశారు, దగ్గరికి వస్తే ముక్కు మూసుకున్నారు. కానీ అతని కొడుకు కూడా నైట్‌మన్నే కావాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. అతనికి కౌన్సిల్ జీతం ఇచ్చింది. క్రిస్మస్‌కి ఇంటింటికీ ప్రాసలతో ఒక సరదా కార్డు పెట్టి వెళ్ళేవాడు. ఇంటివాళ్ళు డన్నీ దగ్గర బీరు సీసా పెట్టేవారు. ఆ సీసా సంపూర్ణ సమానత్వమని నేను అనను. అయినా అది దూరంనుంచి విసిరిన ముద్ద మాత్రం కాదు.

టైఫాయిడ్ ఇంటింటా తిరుగుతుంటే 1888లో ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. ఇంగ్లండు నుంచి జేమ్స్ మాన్సర్ అనే ఇంజనీరుని పిలిపించారు. 1891లో మెల్బోర్న్ మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఏర్పడింది. విలియం థ్వైట్స్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో, దేశం ఆర్థికంగా కుప్పకూలిన 1890లలోనే, ఊరికింద గొట్టాలు వేశారు. ఆ మురుగంతా స్పాట్స్‌వుడ్‌లోని ఆవిరి పంపుల దగ్గరికి చేరి, అక్కడనుంచి పడమరన వెర్రిబీలో కొన్న విశాలమైన పొలానికి వెళ్ళేది. 1897లో మొట్టమొదటి కనెక్షన్ ఒక హోటల్‌కి ఇచ్చారు. వెర్రిబీలో ఆ మురుగునీటితో గడ్డి పెంచి, దశాబ్దాలపాటు ఆవుల్నీ గొర్రెల్నీ మేపారు. పొలం మీదే కోకొరాక్ అనే ఊరు వెలసింది. అక్కడి పనివాళ్ళ కుటుంబాలకి బళ్ళు, ఫుట్‌బాల్ మైదానం, ఈతకొలను ఉండేవి. మలం మధ్య పనిచేసే మనుషులకి ఈతకొలను కట్టించిన ఊరు అది! 1970లకి మనుషులు వెళ్ళిపోయారు, కొలను ఇప్పుడు పాడుబడి ఉంది.

ఈ వెర్రిబీ పేరు ఎక్కడో విన్నట్టుందా? అవును, మన వెర్రిబీయే. టార్నీట్, పాయింట్ కుక్, విండమ్ వేల్ – మెల్బోర్న్‌లో ఇప్పుడు తెలుగు బాగా వినిపించే పేటలన్నీ ఆ పాత పొలం చుట్టుపక్కలవే. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని చెప్పినవాళ్ళు ఈ దేశంలో దాదాపు 59 వేలమంది. వాళ్ళలో బతుకమ్మ ఆడే, సంక్రాంతి ముగ్గులు వేసే ఎందరికో పొరుగున ఈ నూటపాతికేళ్ళ మురుగు పొలం ఉంది. మెల్బోర్న్ మురుగులో సగం ఇప్పటికీ అక్కడే శుద్ధి అవుతుంది. ఆ చెరువుల మీద కప్పిన దుప్పట్ల కింద పట్టిన వాయువుతో కరెంటు తీస్తున్నారు. దేశదేశాల పక్షులు వచ్చి వాలే చిత్తడినేలగా దానికి అంతర్జాతీయ గుర్తింపు కూడా ఉంది.

ఒకే ప్రభుత్వం, రెండు తలుపులు

గొట్టాలు అందరికీ రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత నగరాల అంచున పెరిగిన కార్మికుల పేటల్లో 1970ల దాకా డబ్బాలూ సెప్టిక్ ట్యాంకులే గతి. సిడ్నీ పడమటి పేటలనుంచి ఎన్నికై, అక్కడే కాపురమున్న గాఫ్ విట్లం దీన్ని జాతీయ రాజకీయం చేశాడు. 1972 నవంబరు 13న, సిడ్నీ పడమటి కొసన బ్లాక్‌టౌన్‌లో చేసిన ఎన్నికల ప్రసంగంలో, విదేశాంగ విధానంతో పాటు మురుగు గొట్టాల గురించి కూడా మాట్లాడాడు. గెలిచాక కేంద్రం డబ్బుతో జాతీయ మురుగు పథకం మొదలుపెట్టాడు. టామ్ యూరెన్ అనే మంత్రి దాన్ని నడిపించాడు. రోముని అగస్టస్ ఇటుకలతో చూసి పాలరాతితో వదిలి వెళ్ళాడంటారు గదా. విట్లం మాత్రం పేటల్ని ఫ్లష్ లేకుండా చూసి ఫ్లష్‌తో వదిలి వెళ్ళాడని తరవాత రాజకీయ నాయకులు సరదాగా అనేవారు.

అదే విట్లం ప్రభుత్వం 1973లో, తెల్లవాళ్ళకే ఈ దేశం అనే 1901 నాటి వలస విధానపు చివరి అవశేషాల్ని కూడా తీసేసింది. అంటే, పడమటి పేటల్లో మరుగుదొడ్డిని ఇంటిలోపలికి తెచ్చినవాళ్ళే మనకి దేశం తలుపూ తెరిచారు. బ్లాక్‌టౌన్ చుట్టుపక్కల కాపురాలు పెట్టిన వేలాది మన కుటుంబాలు ఆ రెండు తలుపుల గుండానూ నడిచి వచ్చినవే.

పాలకి తోడు, ట్యాంకుకి మడ్డి

గొట్టం వెళ్ళలేని చోట సెప్టిక్ ట్యాంకే దిక్కు. ఫ్రాన్సులో 1860 ప్రాంతంలో మూరాస్ అనే ఆయన ఇంటి మురుగుని మూసిన తొట్లోకి పంపాడు. చాలా ఏళ్ళ తరవాత తెరిచి చూస్తే, నిండిపోయి ఉండాల్సిన మడ్డి అందులో చాలా తక్కువగా ఉంది. 1881లో ఆయన పేటెంటు తీసుకున్నాడు. 1895 ప్రాంతంలో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో డొనాల్డ్ కామెరాన్ దాన్ని మెరుగుపరిచి ‘సెప్టిక్ ట్యాంక్’ అని పేరు పెట్టాడు.

దాని సూత్రం మన పెరుగు గిన్నెదే. గాలి తగలని చోట కంటికి కనపడని జీవులు పనిచేస్తాయి. బరువైనది అడుక్కి దిగుతుంది, నూనె జిడ్డు పైన తేలుతుంది, మధ్యనున్న నీరు బయటి కందకాల్లోకి వెళ్ళి మట్టిలో ఇంకుతుంది. అసలు శుద్ధి జరిగేది ఆ మట్టిలోనే. అడుగు మడ్డి పెరుగుతూ పోతే మధ్య నీటికి చోటుండదు. మడ్డే కందకాల్లోకి వెళ్ళి మట్టి రంధ్రాల్ని మూసేస్తుంది. ట్యాంకు ఖాళీ చేయించడం వందల డాలర్ల పని, కందకాలు మళ్ళీ తవ్వించడం వేల డాలర్ల పని. అందుకే మూడు నుంచి ఐదేళ్ళకోసారి ట్యాంకరు పిలిపించమంటారు. సింకు గుడగుడలాడినా, నీళ్ళు నెమ్మదిగా దిగినా, కందకం మీద గడ్డి మరీ పచ్చగా ఉన్నా అంతకంటే ముందే పిలవాలి. ఖాళీ చేశాక ట్యాంకుని కడిగించకూడదు. అడుగున కాస్త మడ్డి ఉండనివ్వాలి. తోడు లేకుండా పెరుగు తోడుకోదు కదా!

మన వంటింటి అలవాట్లు దీనికి పెద్ద పరీక్ష. గారెలు వేయించిన మూకుడు నూనె సింకులో పోస్తే నేరుగా ట్యాంకు మీద మీగడ కడుతుంది. ఆదివారంనాడు వారంబట్టలన్నీ ఒకేసారి ఉతికితే, ఆ వరదకి మడ్డి కదిలి కందకం దారి పడుతుంది. బ్లీచింగుతో రోజూ బాత్రూము కడిగితే ఆ జీవులు చస్తాయి. కందకం మీద కరివేపాకు చెట్టు వేయకూడదు, బంధువుల కార్లు ఆపించకూడదు.

ఈ జాగ్రత్తలు ఇంటివాళ్ళ కోసమే అనుకుంటే పొరపాటు. 1997 మొదట్లో న్యూ సౌత్ వేల్స్‌లోని వాలిస్ సరస్సులో పెరిగిన ఆయిస్టర్లు తిని 400 మందికి పైగా హెపటైటిస్ ఎ పాలయ్యారు, ఒకరు చనిపోయారు. భారీ వానలకి మానవ మలం సరస్సులోకి కొట్టుకొచ్చింది. అనుమానించిన దారుల్లో ఇళ్ళ సెప్టిక్ ట్యాంకులు కూడా ఉన్నాయి. వ్యాజ్యం దేశపు హైకోర్టు దాకా వెళ్ళింది. 2002లో కౌన్సిల్‌కీ రాష్ట్రానికీ బాధ్యత లేదని ఆ కోర్టు తేల్చింది. ఈలోగా 1998లోనే రాష్ట్రం నిబంధనలు మార్చింది: ప్రతి ఇంటి ట్యాంకుకీ కౌన్సిల్ అనుమతి ఉండాలి, తనిఖీలు జరగాలి. విక్టోరియాలో 2021 నిబంధనలు నిర్వహణ బాధ్యతని యజమాని మీదే పెట్టాయి. గాలి పంపుతో నడిచే కొత్తరకం యంత్రాలకైతే న్యూ సౌత్ వేల్స్‌లో మామూలుగా మూడునెలలకోసారి టెక్నీషియన్ వచ్చి చూసి, కౌన్సిల్‌కి నివేదిక పంపాలి.

ట్యాంకరు మనిషిని పిలిచేటప్పుడు ఎంత తీసుకుంటావు అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. లైసెన్సు ఉందా, తీసుకెళ్ళింది ఎక్కడ దింపుతావు, రసీదు మీద ఎన్ని లీటర్లో రాస్తావా అని కూడా అడగాలి. అతను ట్యాంకులోకి దిగడు, దిగనివ్వరు కూడా. అందులోని వాయువు రెండు శ్వాసల్లో మనిషిని పడగొట్టగలదు. గొట్టం దిగుతుంది, మనిషి గట్టునే ఉంటాడు. ఇక్కడి ఏర్పాటు మొత్తానికీ మూలం ఈ ఒక్క మాటే.

నేను చూసిన ఒక ఇంట్లో, ఇండియా నుంచి వచ్చిన పెద్దావిడ ఈ పనంతా కిటికీలోంచి చూశారు. పని అయ్యాక కొడుకు ఆ ట్యాంకరాయన్ని టీకి పిలిచాడు. ఆవిడ టీ పెట్టారు గానీ, ఏ కప్పులో పోయాలో తెలియక అల్మైరా ముందు కాసేపు నిలబడిపోయారు. “అమ్మా, మనం తాగేవే” అన్నాడు కొడుకు. ఆయన చేతులు కడుక్కుని వచ్చి, టీలో ఏలకులు వేశారా అని అడిగి, బిల్లు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఆ కప్పు కడిగి మిగతావాటితోనే పెట్టారావిడ. రెండు గ్లాసుల పద్ధతి ఉన్న ఊళ్ళలో పెరిగిన మనకి, ఆ అల్మైరా ముందు నిమిషం ఎంత పొడుగో తెలుసు.

మనం వదిలి వచ్చిన గొయ్యి

మన తెలుగు వలసల్లో ఒకటి కోలారు బంగారు గనులకి. అక్కడ భూమికింద పనికి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, గనుల కాలనీల పొడి మరుగుదొడ్లు ఎత్తడానికి కుదిరినవాళ్ళూ ఉన్నారు. అలాంటి ఒక తెలుగు కుటుంబంలో 1966లో పుట్టినవాడు బెజవాడ విల్సన్. తన ఇంటివాళ్ళు చేసే పని ఏమిటో తెలిసిన నాటినుంచి ఆయన దాన్ని ఆపించడానికే బతికాడు. 1990లలో సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలైంది. ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ దానికి అండగా నిలిచారు. విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది.

చట్టాలకి కొదవలేదు. 1993లో ఒకటి, 2013లో ఇంకొకటి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగుకాలవలోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ దింపడం నేరమని రెండోది చెప్పింది. అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు అంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెంచాల్సి వచ్చిందంటేనే చావులు ఆగలేదని అర్థం. ఇక్కడ గొట్టం వచ్చి మనిషిని తప్పించింది. అక్కడ గొట్టం వచ్చినా, అది ఇరుకు సందులోకి వెళ్ళనప్పుడల్లా ఒక కులంవాళ్ళు గుర్తుకొస్తున్నారు. మరుగుదొడ్లు కట్టించడం మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా, అవి నిండాక ఏం చేయాలన్న దానిమీద పెట్టే ఊళ్ళు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. వరంగల్లులో 2017లో ట్యాంకుల మడ్డిని శుద్ధిచేసే కేంద్రం వచ్చింది.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. డాలర్లు పంపి మన ఊళ్ళలో రెండంతస్తుల మేడలు కట్టిస్తున్నాం. పాలరాయి ఏ రంగో, పూజగది ఏ దిక్కో, మెట్లు ఎన్నో వాట్సాప్‌లో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. సెప్టిక్ ట్యాంకు మాత్రం మేస్త్రికి వదిలేస్తాం. ఆయన మెట్లకింద కట్టి, పైన బండ పరిచి, సిమెంటు పూసేస్తాడు. నీళ్ళు ఇంకడానికి గుంట ఉండదు, వీధి కాలవలోకి గొట్టం ఉంటుంది. పదేళ్ళ తరవాత నిండితే బండ పగలగొట్టాలి. గొట్టం అందకపోతే ఎవర్నో పిలవాలి. ఆ పిలిచేది మనం కాదు, వయసుమళ్ళిన అమ్మానాన్నలు. దిగేది ఎవరో కూడా మనకి తెలుసు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు మేస్త్రిని నాలుగు మాటలు అడగండి. ట్యాంకు మూత ఎక్కడొస్తుంది? పగలగొట్టకుండా తెరవగలమా? వీధిలో ఆగిన ట్యాంకరు గొట్టం దానికి అందుతుందా? నీళ్ళు ఎక్కడ ఇంకుతాయి? ప్లానులో అది గీయించి, ఫోటో తెప్పించుకోండి. ట్యాంకు మీద బండ పరిచే లోపే అడగండి.